ఇంటర్నెట్ పేర్లు: లిపి, అధికారం, అమానత్

మానవుల భాషలు, రంగులు వేర్వేరుగా ఉండటం అల్లాహ్ సూచనలలో ఒకటని దివ్య ఖుర్ఆన్ (30:22) బోధిస్తోంది. అయితే ఇంటర్నెట్ చిరునామాలలో ఈ వైవిధ్యానికి మొదట చోటు లేకపోయింది. ఇప్పుడు ఎంతవరకు లభించింది, ఇందులో ముస్లిములు గమనించవలసినదేమిటి అన్నది సంగ్రహంగా పరిశీలిద్దాం.

ఇంటర్నెట్‌లో కంప్యూటర్లు ఒకదానినొకటి సంఖ్యల ద్వారా గుర్తిస్తాయి. సంఖ్యలు మనిషికి జ్ఞాపకముండవు గనుక, వాటికి బదులు పేర్లు వాడే పద్ధతిని 1983లో పాల్ మొకాపెట్రిస్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు రూపొందించాడు. వీటినే డొమైన్ పేర్లు అంటారు. వీటిలో ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత తప్ప మరేవీ వాడే వీలుండేది కాదు. పేరు చివర వచ్చే కామ్, ఇన్ వంటి మాటల మూల పట్టికను 1998లో కాలిఫోర్నియాలో ఏర్పడిన ఐకాన్ సంస్థ సమన్వయపరుస్తోంది. దీనిపై అమెరికా ప్రభుత్వానికున్న పర్యవేక్షణ 2016 అక్టోబరు 1న ముగిసింది.

ఇతర లిపుల కోసం 2003లో ఒక ప్రమాణం వెలువడింది. మనం అరబీలోనో తెలుగులోనో రాసిన పేరును యంత్రం లోలోపల ఇంగ్లీషు అక్షరాల వరుసగా మార్చుకుంటుంది. 2010 మే నెలలో ఈజిప్టు, సౌదీ అరేబియా, యుఏఇల పేర్లు అరబీ లిపిలో మూల పట్టికకెక్కాయి. ఇంగ్లీషేతర లిపిలో చేరిన తొలి దేశనామాలు ఇవే. 2011లో మన దేశం పేరు తెలుగు, ఉర్దూతో సహా ఏడు లిపులలో చేరింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. అరబీలో రాసే 'యా', ఉర్దూలో రాసే 'యే' కంప్యూటరుకు రెండు వేర్వేరు అక్షరాలు. 'కాఫ్' సంగతీ అంతే. 'బైత్' అనే మాటను రెండు విధాలా రాసి చూడండి. కంటికి తేడా ఏమీ కనబడదు. యంత్రానికి మాత్రం అవి రెండు పేర్లు. జకాత్ సేకరించే సంస్థ తన పేరును ఒక 'యా'తో నమోదు చేసుకుంటే, మోసగాడు రెండో దానితో అదే పేరు తీసుకోగలిగితే ఏమవుతుంది? దాత సొమ్ము దారి తప్పుతుంది. అందుచేత ఇలాంటి జంట పేర్లను ఒకే యజమానికి ఇవ్వాలి, లేదా రెండోదాన్ని ఎవరికీ ఇవ్వకూడదు అనే నియమం అవసరమైంది. ఒకేలా కనిపించే తెలుగు, కన్నడ అక్షరాల విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి.

లిపిని మించిన ప్రశ్న అధికారానిది. 2012లో ఒక టర్కీ కంపెనీ 'ఇస్లామ్', 'హలాల్' అనే మాటలను డొమైన్ల చివరి భాగాలుగా నిర్వహించే హక్కు కోరింది. యుఏఇ అభ్యంతరం 2013లో వీగిపోయింది. అయినా ఇస్లామీ సహకార సంస్థ అదే ఏడాది తన వ్యతిరేకతను తెలియజేసింది. దరఖాస్తును నిర్ణయం లేకుండా నిలిపివేసిన ఐకాన్ తీరును 2017లో స్వతంత్ర సమీక్షా మండలి తప్పుపట్టింది. చివరకు 2018 అక్టోబరులో ఐకాన్ ఆ దరఖాస్తులను ముందుకు సాగనివ్వరాదని తీర్మానించింది.

ఈ నిర్ణయం సబబే అనిపిస్తుంది. 'ఇస్లామ్' అనే మాట ఒక కంపెనీకిగాని, ఒక ప్రభుత్వానికిగాని సొత్తు కాదు; అది ఉమ్మత్ అంతటి అమానత్. అయితే కాదనడంతోనే మన బాధ్యత తీరిపోదు. తెలుగు, ఉర్దూ చిరునామాలను ఇప్పటికీ అంగీకరించని దరఖాస్తు ఫారాలు, ఈమెయిల్ వ్యవస్థలు ఎన్నో ఉన్నాయి. వాడేవారు అడగనిదే అవి మారవు. మన మదరసాలు, ట్రస్టులు తమ పేర్లను సొంత లిపిలో కూడా నమోదు చేసుకోవాలి. సరియైన చిరునామా ఏదో రసీదులపై స్పష్టంగా ముద్రించాలి. దాత నమ్మి ఇచ్చిన రూపాయి చేరవలసిన చోటికి చేరేలా చూడటం కూడా అమానత్‌లో భాగమే.