తప్పిన గడి, తప్పిన చిరునామా



కొంతకాలము క్రిందట మా తరగతి బాలిక యొకతె విద్యార్థివేతనపు దరఖాస్తు పంపుటకై తండ్రితో కూడ చార్మినారు చెంతనున్న యొక ఇంటర్నెట్ కేంద్రమునకు పోయెను. మేమును వెంట నుంటిమి. గడులన్నియు శ్రద్ధతో నింపి పంపగా, “వివరములు తప్పు” అను మాట మాత్రము తెరపై కనబడి, నింపినదంతయు మాయమయ్యెను. మూడుమారులు ఇట్లే జరిగెను. తుదకు తెలిసిన కారణమేమనగా, పాతబస్తీ ఇంటి నంబరులలో తరచుగా నుండు వాలుగీతను ఆ గడి అంగీకరింపదు! తండ్రి ఆనాటి కూలి పోగొట్టుకొనెను. ఇంటి నంబరు నిజమైనదే. ప్రోగ్రాము వ్రాసినవారే మన వీధుల నెరుగరు.

దరఖాస్తును పరీక్షించుట యవసరమే. చార్మినారు పిన్‌కోడు 500002. ఇందు ఆరంకెలు గలవు. ఐదే వ్రాసినచో నిరాకరింపవలసినదే. ఈ పరీక్ష మొదట బ్రౌజరులో జరుగును. కాని దానిని తప్పించుకొనుట సులభము గనుక, సర్వరు మరల పరీక్షించి తీరవలెను. అయితే నిరాకరించునప్పుడు మూడు ధర్మములు గలవు: ఏ గడి తప్పినదో దాని ప్రక్కనే చెప్పుట, ఎట్లు వ్రాయవలెనో తెలుపుట, సరియైన తక్కిన గడులను చెరపకుండుట.

ఇక యూఆర్ఎల్ అనబడు పుట చిరునామా సంగతి. అందలి సంఖ్యను ఎవరైనను మార్చి వ్రాయగలరు. అట్టి పుట లేనియెడల సర్వరు 404 అను సంకేతముతో “లేదు” అని స్పష్టముగా చెప్పవలెను. మరియొక బాలుని దరఖాస్తు సంఖ్య వ్రాసినంతమాత్రమున వాని వివరములను చూపరాదు. అడుగువారికి అధికారము గలదా యని ప్రతిమారు విచారింపవలెను. పుట శాశ్వతముగా వేరుచోటికి మారినచో 301 అను సంకేతముతో అచ్చటికి పంపవలెను. పత్తర్‌గట్టీ వర్తకుడు అంగడి మార్చినప్పుడు పాత తలుపుపై క్రొత్త చోటు వ్రాసి అంటించుట వంటిదే యిది. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బర్నర్స్-లీ 1998లోనే చిరునామాలను మార్చకుండుట మేలని బోధించెను.

ఒక్క లెక్క తప్పినదని మేము మీ నోటుపుస్తకమంతయు చింపివేయుదుమా? తప్పిన చోట గీత గీసి, సరియైన దారి చూపుదుము. మీలో ప్రోగ్రాములు వ్రాయబోవువారు మొదట మీ యింటి నంబరుతోనే వానిని పరీక్షింపుడు. మీ వీధికి పనికిరానిది లోకమునకు పనికిరాదు.