టెలిఫోనులో యంత్రకంఠము: చట్టమేమి చేయగలదు?

భోజనవేళ టెలిఫోను మ్రోగును. చేయి కడిగికొని అందుకొన్నచో అవతల మనుష్యుడుండడు. ముందుగా రికార్డు చేసి యుంచిన కంఠమొకటి అప్పు కావలెనా, ఇంటిస్థలము కావలెనా యని వల్లించిపోవును. ఒకనాడైనచో ఇది విసుగు మాత్రమే. నిత్యమైనచో నష్టము కూడ. ఇట్టి పిలుపులకు వేసారి, తెలియని నంబరు కనబడినంతనే ఎత్తుట మానుకొన్న యింటికి ఆసుపత్రినుండి వచ్చిన పిలుపు సైతము అందదు. కావున దీనిని గూర్చి చట్టమేమి చెప్పుచున్నదో, అది అమలగుట యెట్లో మనము తెలిసికొనుట అవసరము.

యంత్రముచే పిలుచుట మిక్కిలి చౌక, చిక్కునకు మూలమిదియే. వేయిమందిలో ఒక్కరు లొంగినను పిలిచినవానికి లాభమే. అందుచేత కొన్ని దేశములు గట్టి జరిమానాలను నమ్ముకొన్నవి. అమెరికాలో 1991 నాటి శాసనము ప్రకారము, అనుమతి లేని యంత్రపు పిలుపు నందుకొన్నవారు తామే న్యాయస్థానమునకు పోయి పిలుపొక్కింటికి 500 డాలర్లు, బుద్ధిపూర్వకమని తేలినచో 1,500 డాలర్లవరకు రాబట్టుకొనవచ్చును. 2021లో అచ్చటి ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషను, సుమారు నూరుకోట్ల పిలుపులు చేసిన టెక్సాసు ప్రచారకులపై 22 కోట్ల 50 లక్షల డాలర్ల జరిమానా విధించినది. కాని విధించుట వేరు, వసూలు చేయుట వేరు. చెల్లింపనివారిపై దావా వేయుటకు కమిషనునకు అధికారము లేదు, న్యాయశాఖ పూనుకొనవలెను. 2022లో మోటారు వారంటీల పేర వచ్చు పిలుపులను అడ్డగింపవలసినదని ఆ కమిషను టెలిఫోను కంపెనీల నాజ్ఞాపించినది. ఆ పిలుపులు నూటికి 99 పాళ్లు తగ్గినవని తరువాత ప్రకటించినది. జరిమానాకంటె అడ్డుకట్ట త్వరగా పనిచేయునని దీనివలన తెలియుచున్నది.

మన దేశపు నిబంధనలును ఈ మార్గమునే పట్టినవి. 2018 జులైలో టెలికాం నియంత్రణ సంస్థయగు ట్రాయ్ వీనిని వెలువరించినది. వ్యాపార ప్రచారము చేయువారు ముందుగా నమోదు కావలెను. యంత్రముచే పిలువదలచినవారు ఆ సంగతి తమ కంపెనీకి తెలుపవలెను. ప్రచారపు పిలుపులకు 140తోను, బ్యాంకులు మొదలగువారి సేవాసంబంధమైన పిలుపులకు 1600తోను మొదలగు నంబర్లు కేటాయింపబడినవి. 2024 ఆగస్టులో, నమోదు కాని ప్రచారకుల కనెక్షనులను తొలగింపవలసినదని ట్రాయ్ ఆజ్ఞ యిచ్చినది. సెప్టెంబరు మొదటివారమునకే 2 లక్షల 75 వేలకు పైగా కనెక్షనులు తొలగింపబడినవి.

2025 ఫిబ్రవరి సవరణలు నిబంధనలను మరింత బిగించినవి. నమోదు కాని వానిపై పది దినములలో ఐదు ఫిర్యాదులు వచ్చినచో చర్యకు దారియేర్పడును. మొదటి తప్పునకు పదిహేను దినములు వాని నుండి పిలుపులు వెళ్లకుండ ఆపుదురు. మరల చేసినచో వాని పేరనున్న కనెక్షనులన్నియు, అన్ని కంపెనీల యందును, ఒక సంవత్సరము పాటు రద్దగును. ఇట్టి పిలుపుల లెక్కను కంపెనీయే తప్పుగా చూపినచో మొదటిసారి 2 లక్షలు, రెండవసారి 5 లక్షలు, ఆపై ప్రతిసారి 10 లక్షల రూపాయలు చెల్లింపవలెను.

ఇందు మనము గమనింపవలసిన దొకటి కలదు. ఈ శిక్షలన్నిటికిని మొదటిమెట్టు చందాదారు ఫిర్యాదు. పిలుపు వచ్చిన ఏడు దినములలోగా 1909 నంబరునకు పిలిచి, వచ్చిన నంబరు, తేదీ, చెప్పిన మాటల సారాంశము తెలుపవలెను. ప్రచారపు పిలుపులు వద్దని ముందుగా నమోదు చేసికొననివారు సైతము, నమోదు కాని ప్రచారకులపై ఫిర్యాదు చేయవచ్చును. పిలిచినది ప్రచారకుడు కాక డబ్బు కాజేసిన మోసగాడైనచో, ఆలస్యము చేయక 1930కి తెలుపవలెను.

విసుగుకొని పెట్టివేసిన పిలుపు ఎవరి లెక్కలోనికిని రాదు. పొరుగువారు నలుగురు ఇదివరకే ఫిర్యాదు చేసియుండవచ్చును. మన యింటినుండి వెళ్లునదే ఐదవది కావచ్చును.