ప్రశ్నలోనే దాగిన జవాబు

2023 డిసెంబరు 3న ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికల ఓట్లు లెక్కించారు. అంతకు ముందు వెలువడిన ఎగ్జిట్ పోల్స్‌లో అత్యధికం కాంగ్రెసుకే మొగ్గు చూపాయి. తీరా ఫలితాలు వెలువడేసరికి 90 స్థానాలలో భారతీయ జనతా పార్టీకి 54, కాంగ్రెసుకు 35 దక్కాయి.

లోపం ఎక్కడ పుడుతుంది? భిలాయినే తీసుకోండి. 1959లో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ రాజుకున్న ఈ ఉక్కునగరంలో తెలుగువారితో సహా దేశం నలుమూలలవారూ స్థిరపడ్డారు. సెక్టార్లలోని క్వార్టర్ల జాబితా చేతబట్టి వరుసగా తలుపులు తట్టడం సర్వే చేసేవారికి సులభమే. అయితే బస్తీలో కాపురముండే కాంట్రాక్టు కూలీ ఆ జాబితాకు ఎక్కడు. పట్టపగలు వెళితే ఉదయం షిఫ్టువాడు ఇంట ఉండడు.

1936లో అమెరికాలో ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక (డైజెస్టులకు కాస్త చేదైన కథే!) ఇలాగే దెబ్బతిన్నది. టెలిఫోన్, మోటారుకార్ల జాబితాల నుంచి పేర్లు ఏరి, ఇరవై లక్షలకు పైగా జవాబులు రాబట్టి, లాండన్ గెలుస్తాడని చాటింది. ఆర్థికమాంద్యపు రోజులలో పేదవాని ఇంట టెలిఫోన్ ఎక్కడిది? 48 రాష్ట్రాలలో 46 రూజ్‌వెల్ట్ పరమయ్యాయి.

మనుషులను సరిగా ఎంచుకున్నా మాట మోసగించగలదు. ప్రజాస్వామ్య వ్యతిరేక ప్రసంగాలను ‘అనుమతించాలా?’ అని అమెరికన్లను అడిగితే నూటికి 62 మంది వద్దన్నారు, ‘నిషేధించాలా?’ అంటే అవునన్నవారు 46 మందే. డొనాల్డ్ రగ్ 1941లో ప్రకటించిన ఫలితమిది. నిషేధమన్న మాట కరకుగా తోచి కొందరు వెనుకాడి ఉంటారు. భిలాయిలో కాంట్రాక్టు పద్ధతిని గురించి ఒక వీధిలో ‘నిషేధించాలా?’ అనీ, పక్క వీధిలో ‘అనుమతించాలా?’ అనీ అడిగితే, ఒకే షిఫ్టుకు వెళ్లే ఇరుగుపొరుగులు కాగితం మీద ప్రత్యర్థులుగా తేలవచ్చు.