అరకు కథ ఏ బీరువాలో ఉంది?

అరకులో చిన్నప్పుడు విన్న కథ. సగమే గుర్తుంది, పేరు తెలియదు. లైబ్రరీకి వెళ్ళి 398.2 కింద, అంటే జానపద కథల బీరువాలో వెతుకుతాం. దొరకదు. లేదనుకుని వచ్చేస్తాం. అక్కడే పొరపాటు!

అనుభవమున్న లైబ్రేరియన్ గారు ముందు అడిగేది కథ కాదు, "చెప్పిందెవరు? ఏ భాషలో?" అని. ఎందుకంటే మన కొండల కథలు కొన్ని భాషాశాస్త్ర గ్రంథాల్లో దాక్కున్నాయి. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో కొండ (కూబి) భాషపై వెలువరించిన పుస్తకంలో వ్యాకరణంతోబాటు, ఆ భాషవారు చెప్పగా రాసుకున్న పాఠాలూ ఉన్నాయి. డ్యూయీ పద్ధతిలో దాని చోటు 494.8. గిడుగు రామమూర్తి పంతులుగారి సవర భాషా గ్రంథం (1931) ఉండేది 495.95 దగ్గర. కథ కోసం అక్కడిదాకా వెళ్ళేదెవరు?

అక్కడా లేకపోతే సరిహద్దు దాటాలి. 1936 దాకా కోరాపుట్ మన విశాఖపట్నం జిల్లాలోదే కదా! వెరియర్ ఎల్విన్ ఒరిస్సా గిరిజనుల పురాణకథల సంపుటి (1954) చూడాలి. తమ దగ్గర లేకపోతే లైబ్రేరియన్ గారు మరో ఊరి లైబ్రేరియన్‌ని అడుగుతారు. అడగడానికి వారికి మొహమాటం లేదు, మనకే.

వారికి మనం ఇవ్వాల్సింది గుర్తున్న ముక్కలు: జంతువు, చెట్టు, పాట చరణం, చెప్పిన ఊరు. సొంతంగా అతుకులు వేయకూడదు. కథ చెప్పిన అమ్మమ్మ ఇంకా ఉంటే మాత్రం ఈ సెలవులకే వెళ్ళి రాసుకోండి. ఆమె చెప్పిన తీరు ఏ నంబరు కిందా ఇంకా చేరి ఉండకపోవచ్చు.