కుట్లు కనిపించని గాయం: ప్రొస్టేట్ ఆపరేషన్ తర్వాత 12 వారాలు

ప్రొస్టేట్ వాపుకు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లలో ఎక్కువమందికి పొట్ట మీద కోత ఉండదు, కుట్లు ఉండవు. రెండు మూడు రోజుల్లో తమ కాళ్ల మీద తాము నడుచుకుంటూ ఇంటికి వచ్చేస్తారు. పరామర్శకు వచ్చిన చుట్టాలు చూసి, "ఆపరేషన్ అయిన మనిషిలా లేరే" అంటారు. పెద్దాయన కూడా ఆ మాట నమ్మి వారం తిరక్కుండానే పనుల్లో పడతారు. ఇబ్బందులు ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. గాయం లేక కాదు, లోపల ఉంది కాబట్టి కనిపించడం లేదు. ఆపరేషన్ గంట, గంటన్నరలో అయిపోతుంది గానీ, గాయం పూర్తిగా మానడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. ఆ 12 వారాల్లో ఏ రోజు ఏది సహజమో, ఏది కాదో తెలిసిన ఇంట్లో భయమూ తగ్గుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది.

20 గ్రాములు

వయసులో ఉన్నప్పుడు ప్రొస్టేట్ గ్రంథి బరువు సుమారు 20 గ్రాములు. మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ దాని లోపలి భాగం పెరిగి నాళాన్ని నొక్కుతుంది. యాభైల్లో ఉన్న మగవాళ్లలో దాదాపు సగం మందికి, 80 దాటినవాళ్లలో 10 మందిలో 8 మందికి పైగా ఈ పెరుగుదల ఉంటుంది. ఇది క్యాన్సర్ కాదు. పెరిగిన ప్రతి ఒక్కరికీ ఆపరేషన్ అవసరమూ లేదు. మందులతో లాభం లేనప్పుడు, మూత్రం పూర్తిగా ఆగిపోయి పైపు వేయాల్సి వచ్చినప్పుడు, ఇన్ఫెక్షన్ తిరగబెడుతున్నప్పుడు, మూత్రాశయంలో రాళ్లు చేరినప్పుడు, కిడ్నీల మీద భారం పడుతున్నప్పుడు డాక్టర్లు ఆపరేషన్ చెబుతారు.

బాధ ఎంతుందో కొలిచేందుకు ఐపీఎస్ఎస్ అనే ప్రశ్నపత్రం ఉంది. 7 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 5 మార్కులు, మొత్తం 35. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు, ధార సన్నగా వస్తోందా, ఆగి ఆగి వస్తోందా, ముక్కాల్సి వస్తోందా వంటి ప్రశ్నలవి. 7 వరకు వస్తే స్వల్పం, 8 నుంచి 19 దాకా మధ్యస్థం, 20 నుంచి పైన తీవ్రం. ఆపరేషన్‌కు ముందు మీకు వచ్చిన మార్కులు ఒక కాగితం మీద రాసి దాచుకోండి. కోలుకోవడం ఎంతవరకు వచ్చిందో తర్వాత ఆ కాగితమే చెబుతుంది.

60 నిమిషాలు

మన దగ్గర ఎక్కువగా చేసేది టీయూఆర్‌పీ. నడుము దగ్గర మత్తు ఇచ్చి, మూత్రనాళం గుండా పరికరాన్ని పంపి, గ్రంథి లోపలి భాగాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసేస్తారు. 60 నుంచి 90 నిమిషాల పని. గ్రంథి 80 గ్రాములు దాటి పెరిగితే లేజర్‌తో చేసే హోలెప్ గానీ, పొట్ట కోసి చేసే ఆపరేషన్ గానీ ఎంచుకుంటారు. ఏ పద్ధతైనా బత్తాయి తొక్క అలాగే ఉంచి లోపలి తొనలు తీసేసినట్టు ఉంటుంది. తొక్క మిగులుతుంది, దాని లోపలి వైపంతా పచ్చి పుండు. మూత్రం రోజుకు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు ఆ పుండు మీదుగానే పోవాలి. మంట, ఎరుపు రంగు, తొందర అన్నీ దాని వల్లే.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటిలోనూ ప్రభుత్వ ఆరోగ్య పథకాల కింద ఈ ఆపరేషన్ చేయించుకునే వీలుంది. ఆసుపత్రిలో చేరే ముందే అక్కడ ఆ పథకం చూసే సిబ్బందిని కలిసి వివరాలు అడగండి.

22 ఫ్రెంచ్

ఆపరేషన్ బల్ల మీద నుంచి దిగేసరికి పైపు ఉంటుంది. దాని లావును ఫ్రెంచ్ అనే కొలతలో చెబుతారు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. ఇక్కడ వాడే పైపు సాధారణంగా 22 ఫ్రెంచ్, అంటే 7 మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ. అందులో మూడు దారులుంటాయి. ఒక దారిలో సెలైన్ లోపలికి వెళ్తుంది, ఇంకో దారిలో రక్తపు గడ్డలను కడుక్కుంటూ బయటికి వస్తుంది, మూడోది లోపలి బెలూన్‌ను నింపడానికి. సంచిలో ఎర్రటి నీళ్లు లీటర్ల కొద్దీ నిండుతుంటే ఇంట్లోవాళ్లు హడలిపోతారు. అందులో అధిక భాగం సెలైనే.

బెలూన్ ఒత్తిడికి మూత్రం వస్తున్నట్టే ఉంటుంది. ముక్కకూడదు. ముక్కితే కండరం బిగుసుకుని నొప్పి ఎక్కువవుతుంది, రక్తమూ పెరుగుతుంది. ఊపిరి నెమ్మదిగా తీసుకోండి. భరించలేకపోతే నర్సుకు చెప్పండి, మందు ఉంటుంది.

ఎక్కువమందికి 1 నుంచి 3 రోజుల్లో పైపు తీసేస్తారు. 100 మందిలో నలుగురైదుగురికి పైపు తీశాక మూత్రం రాదు. మళ్లీ కొన్ని రోజులు పైపుతో ఉండాల్సి వస్తుంది. ఆపరేషన్ చెడిపోయిందని దాని అర్థం కాదు. వాపు తగ్గడానికి, అలసిన మూత్రాశయం తేరుకోవడానికి ఇంకొంత సమయం కావాలి, అంతే.

1 మిల్లీలీటరు

లీటరు మూత్రంలో ఒక్క మిల్లీలీటరు రక్తం కలిసినా రంగు మారి కంటికి కనిపిస్తుంది. గులాబీ రంగు చూసి "రక్తమంతా పోతోంది" అని కంగారుపడే ముందు ఈ ఒక్క అంకె గుర్తు చేసుకోండి. తొలి రెండు మూడు వారాలు మూత్రం ఒకసారి తేటగా, ఒకసారి గులాబీ రంగులో రావడం మామూలే. చిన్న చిన్న పొక్కుల్లాంటివి కూడా పడవచ్చు.

దీనికి మందు నీళ్లే. రోజుకు 2 నుంచి 2.5 లీటర్లు, ఎండాకాలమైతే ఇంకొంచెం ఎక్కువ. మంచినీళ్లతో పాటు పలుచని మజ్జిగ, బార్లీ నీళ్లు కూడా లెక్కలోకి వస్తాయి. మూత్రం మంటగా ఉందని, మాటిమాటికి లేవాల్సి వస్తోందని చాలామంది నీళ్లు తగ్గిస్తారు. అది పూర్తిగా తిరగబడే పని. మూత్రం చిక్కబడి మంట పెరుగుతుంది, రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోతుంది. రాత్రి లేవడం తగ్గాలంటే పగటి నీళ్లు తగ్గించకండి, పడుకునే ముందు రెండు గంటల నీళ్లు తగ్గించండి. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉన్నవాళ్లు ఎంత తాగాలో తమ డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

10 నుంచి 14 రోజులు

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు ఇవి. లోపలి పుండు మీద కట్టిన పొక్కు ఈ సమయంలో ఊడుతుంది. వారం పాటు తేటగా వచ్చిన మూత్రం హఠాత్తుగా ఎర్రగా మారవచ్చు. అందరికీ తగ్గిపోయిందనిపించే రోజులూ ఇవే కాబట్టి, రక్తం కనిపించగానే గుండె జారిపోతుంది. చేస్తున్న పని ఆపి పడుకుని, రెండు మూడు గ్లాసుల నీళ్లు తాగండి. చాలామందికి కొన్ని గంటల్లో రంగు తగ్గుముఖం పడుతుంది.

ఈ రోజుల్లో రక్తానికి పెద్ద కారణం మలబద్ధకం. ముక్కిన ప్రతిసారీ ఒత్తిడి నేరుగా పచ్చి పుండు మీద పడుతుంది. మన ఇళ్లలో ఆపరేషన్ అనగానే పథ్యం మొదలవుతుంది. కూరగాయలు మానేసి, పప్పు మానేసి, కారప్పొడి అన్నంతో వారాలు గడిపిస్తారు. ప్రేమతో చేసే ఈ పథ్యమే మలబద్ధకం తెచ్చిపెడుతుంది. ఆకుకూరలు, బీరకాయ, సొరకాయ, పప్పు, అరటిపండు, బొప్పాయి నిక్షేపంగా పెట్టండి. అవసరమైతే ఇసబ్‌గోల్ గానీ, డాక్టరు రాసిన విరేచనాల మందు గానీ వాడాలి. కాఫీ, టీలు, ఆవకాయ కారం మంటను పెంచుతుంటే కొన్నాళ్లు తగ్గిస్తే చాలు.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తాన్ని పలచబరిచే మందులు ఆపరేషన్ కోసం ఆపి ఉంటే, మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఇంటికి వెళ్లే ముందే కాగితం మీద రాయించుకోండి. త్వరపడితే రక్తస్రావం, మరిచిపోతే గుండెకు ముప్పు. ఇది ఇంట్లో తేల్చుకునే విషయం కాదు.

5 కిలోలు

4 నుంచి 6 వారాల వరకు 5 కిలోలు మించి ఎత్తకూడదు. 5 కిలోలంటే పది అరలీటరు పాల ప్యాకెట్లు. ఇంట్లో వస్తువులతో ఒకసారి లెక్క చూడండి. మంచినీళ్ల క్యాన్ 20 కిలోలు. బియ్యం బస్తా 25. గ్యాస్ సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు అదనం. రైతు వీపున మోసే 16 లీటర్ల మందు డబ్బా నిండితే 16 కిలోలు దాటుతుంది. తాతయ్యా ఎత్తుకోమని చేతులు చాచే మూడేళ్ల మనవడు 12 కిలోలకు పైనే ఉంటాడు. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పండి, చంకనెత్తుకోవడం మాత్రం ఆరు వారాల తర్వాతే.

నడక మొదటి రోజు నుంచే మంచిది. ఇంట్లో నెమ్మదిగా మొదలుపెట్టి రోజురోజుకూ పెంచుకోండి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా కాపాడేది ఈ నడకే. సైకిలు, స్కూటరు, బైకు కూర్చునే చోటే ఒత్తిడి పెడతాయి కాబట్టి 4 నుంచి 6 వారాలు వద్దు. గతుకుల రోడ్డు మీద దూర ప్రయాణాలు, పిల్లల దగ్గరికి అమెరికా విమానం, అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కే మొక్కు కూడా ఆ గడువు దాటాక, డాక్టరు సరేనన్నాకే. దాంపత్య జీవితానికి కూడా 4 నుంచి 6 వారాల విరామం కావాలి.

100 మందిలో ఎందరు?

మగవాళ్లు డాక్టరును అడగలేక మనసులో పెట్టుకుని నలిగిపోయే ప్రశ్న ఒకటుంది. ఇక మగతనం పోతుందా? 1995లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనంలో 556 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి టీయూఆర్‌పీ చేశారు, రెండో వర్గాన్ని ఆపరేషన్ లేకుండా గమనించారు. మూడేళ్లు చూశాక, ఆపరేషన్ వల్ల అంగస్తంభన సమస్యలు పెరిగినట్టు తేలలేదు. మూత్రం ఆపుకోలేని సమస్య విషయంలోనూ అంతే.

మారేది ఇంకొకటి. టీయూఆర్‌పీ అయినవాళ్లలో సుమారు మూడింట రెండు వంతుల మందికి వీర్యం బయటికి రాకుండా వెనక్కి మూత్రాశయంలోకి వెళ్తుంది, తర్వాత మూత్రంతో కలిసి వచ్చేస్తుంది. దీనివల్ల ఒంటికి హాని లేదు, సుఖానుభూతి ఉంటుంది. ఇంకా పిల్లలు కావాలనుకునేవాళ్లు మాత్రం ఆపరేషన్‌కు ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఈ సంగతి భార్యకు కూడా ముందే తెలియాలి. తెలియక ఇద్దరూ మౌనంగా బాధపడే ఇళ్లు ఉన్నాయి. ఒక్క మాటతో పోయే బాధ అది.

ఫలితం మాటకొస్తే, సగటున ధార వేగం 162 శాతం పెరుగుతుంది, ఐపీఎస్ఎస్ మార్కులు 70 శాతం తగ్గుతాయి. సెకనుకు 8 మిల్లీలీటర్లు వచ్చే ధార 21కి చేరడం, 22 మార్కుల బాధ 7కు దిగడం అన్నమాట. ఆస్ట్రియాలో 20 వేలమందికి పైగా రోగులను పరిశీలిస్తే, 8 ఏళ్లలో మళ్లీ టీయూఆర్‌పీ అవసరమైనవాళ్లు 7.4 శాతం.

12 వారాలు

ధార వెంటనే బాగుపడుతుంది. తొందర తగ్గడానికి సమయం పడుతుంది. ఏళ్ల తరబడి అడ్డంకికి ఎదురు నెట్టి నెట్టి మూత్రాశయ కండరం దళసరిగా, చిరాకుగా తయారై ఉంటుంది. అడ్డంకి పోయిందని దానికి తెలియడానికే వారాలు కావాలి. అందుకే చాలామందికి కొన్ని వారాలు బాత్రూమ్‌కు చేరేలోపే చుక్కలు పడతాయి. ఇది సిగ్గుపడాల్సింది కాదు, డైపరో ప్యాడో వాడుకుంటే బయటికి కూడా వెళ్లవచ్చు. శాశ్వతంగా ఆపుకోలేకపోవడం 100 మందిలో ఒకరిద్దరికి మించదు.

దీనికి సాయపడేది కెగెల్ వ్యాయామం. గాలి పోకుండా బిగబట్టే కండరాలను 5 సెకన్లు బిగించి, 5 సెకన్లు వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. పొట్ట, తొడలు బిగించకూడదు. పైపు ఉన్నప్పుడు చేయకూడదు. షుగరు ఉన్నవాళ్లు దాన్ని అదుపులో పెట్టుకోవాలి, లేదంటే పుండు ఆలస్యంగా మానుతుంది, ఇన్ఫెక్షన్ త్వరగా పడుతుంది.

ఈ 12 వారాల్లో ఎప్పుడైనా సరే, తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాల్సిన సందర్భాలు ఇవి: నీళ్లు తాగి పడుకున్నా రక్తం చిక్కగా వస్తూనే ఉండటం, పెద్ద గడ్డలు పడటం, నాలుగైదు గంటలుగా మూత్రం రాక పొత్తికడుపు ఉబ్బి నొప్పెట్టడం, 100.4 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిన జ్వరం, వణుకు. వృషణం వాచి నొప్పెట్టడం. ఒక పిక్క వాచడం, ఛాతీ నొప్పి, ఆయాసం.

కొన్ని నెలలు బాగా వచ్చిన ధార మళ్లీ సన్నబడితే గ్రంథి అప్పుడే పెరిగిందనుకోకండి. నాళంలో మచ్చ కట్టి ఇరుకైపోయి ఉండవచ్చు. ధార పరీక్షతో తెలుసుకుని సరిచేయవచ్చు.

3 నెలల తర్వాత చేయాల్సినవి

తీసిన ముక్కలను పరీక్షకు పంపుతారు. ఆ బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. సుమారు 5 నుంచి 10 శాతం మందిలో ఎవరూ అనుమానించని క్యాన్సర్ అందులో బయటపడుతుంది. చాలావరకు తొలిదశలోనే ఉంటుంది. ఆ రిపోర్టు బీరువాలో మరుగున పడితే, చేతికొచ్చిన అవకాశం పోయినట్టే.

మూడు నెలలకు, ప్రొస్టేట్ క్యాన్సర్‌ను పసిగట్టడానికి వాడే పీఎస్ఏ రక్త పరీక్ష చేయిస్తే వచ్చే అంకె మీ కొత్త కొలమానం. ఆపరేషన్‌తో గ్రంథి చిన్నదైంది కాబట్టి ఆ అంకె తగ్గి ఉంటుంది. ఇకపై పోల్చుకోవాల్సింది దానితోనే. "ప్రొస్టేట్ తీసేశారు కదా, ఇక క్యాన్సర్ రాదు" అనే నమ్మకం మన ఊళ్లలో బలంగా ఉంది, అది తప్పు. తీసింది లోపలి భాగమే. ప్రొస్టేట్ క్యాన్సర్లలో దాదాపు 70 శాతం పుట్టే బయటి భాగం ఒంట్లోనే ఉంది. పీఎస్ఏ పరీక్ష ఎన్నాళ్లకోసారి చేయించుకోవాలో డాక్టరును అడిగి, తేదీ రాసుకోండి. దాచిన ఐపీఎస్ఎస్ కాగితం కూడా అదే రోజు తీసి, ఏడు ప్రశ్నలకూ మళ్లీ జవాబులు రాయండి. మార్కులు తగ్గకపోతే వయసు అనుకుని సర్దుకుపోవద్దు. ఎందుకు తగ్గలేదని డాక్టరును నిలదీసి అడిగే హక్కు మీకుంది.