సెక్టర్ 6లో యవన భాషా పఠనం

ఉక్కు కర్మాగారంలో పనిచేసే మనకు గ్రీకు అక్షరాలతో పరిచయం కొత్తది కాదు. ప్రతిబలానికి సిగ్మా, వికృతికి ఎప్సిలాన్, సాంద్రతకు రో, దక్షతకు ఈటా. డిప్లొమా మొదటి సంవత్సరం నుంచీ ఇవి మన నోటుపుస్తకాలలో ఉన్నవే. అయితే ఈ అక్షరాలతో ఒక జాతి కావ్యాలు వ్రాసుకున్నదన్న సంగతిని తలచుకొనే అవసరం మనకు రాలేదు. సెక్టర్ 6లో ఒక క్వార్టరు ముందుగదిలో ప్రతి ఆదివారం సాయంత్రం ప్రాచీన గ్రీకు, లాటిన్ భాషలు చదువుకొనే చిన్న బృందం ఉన్నదనీ, మూడేళ్లుగా మేమూ అందులో ఉన్నామనీ చెబితే, మిత్రులు ముందుగా అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎందుకండీ?"

ప్రమోషనుకు పనికిరాదు, ఆ మాట ముందే ఒప్పుకుంటున్నాము.

బృందమంటే ఏడుగురము. కోక్ ఓవెన్స్ వారు ఇద్దరు, రైల్ మిల్లు వారు ఒకరు, ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, ఇలా. తెలుగువారము ముగ్గురము. పాఠం చెప్పేది పదవీ విరమణ చేసిన ఒక బెంగాలీ ఇంజనీరు. అందరికీ ఆయన "దాదా". సోవియట్ సహకారంతో నిర్మాణమై, 1959 ఫిబ్రవరి 4న మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించిన కర్మాగారం మనది. ఆ తరువాతి విస్తరణల కాలంలో రష్యను నక్షాలు చదవడానికి ఆ భాష నేర్చుకున్నవారిలో దాదా ఒకరు. రష్యను లిపికి మూలం గ్రీకు లిపి. గామా, పై, రో, ఫై పెద్దక్షరాలు రెండింటిలోనూ ఇంచుమించు ఒకే రూపంలో ఉంటాయి. నక్షాల మీద పట్టుబడిన అక్షరాలు ఆయనను హోమరు దాకా నడిపించాయి. భిలాయిలో తప్ప మరెక్కడైనా ఇలా జరుగుతుందా అని మాకు అనుమానమే.

మొదటి నెలలలో మమ్మల్ని నిలబెట్టినవి మన వృత్తి మాటలే. దల్లీ రాజహరా నుంచి మనకు వచ్చే ముడిఖనిజం హెమటైట్. గ్రీకులో 'హైమా' అంటే రక్తం. ఆ రాతిని నూరితే వచ్చే ఎర్రటి పొడి చూసినవారికి వేరే వివరణ అక్కరలేదు. 'యూటెక్టిక్' అంటే సులువుగా కరిగేది. పైరోమీటరులోని 'పైర్' అగ్ని. ఇనుముకు 'ఎఫ్ ఇ' అనే సంకేతం లాటిన్ 'ఫెర్రుం' నుంచి వచ్చింది. వీటన్నిటికంటే మాకు నచ్చినది మరొకటి: సంస్కృతంలో 'అయస్' అంటే లోహం, ఇనుము, దానికి తోబుట్టువైన లాటిన్ మాట 'అయెస్' అంటే రాగి, కంచు. లోహం మారినా మాట మిగిలింది.

ఈ చుట్టరికాన్ని తొలినాళ్లలోనే గుర్తించిన వారిలో ఒకరికి తెలుగుతో గట్టి సంబంధం ఉన్నది. గాస్టన్ కోర్దూ అనే ఫ్రెంచి జెసూట్ మతాచార్యుడు 1732లో దక్షిణ భారతానికి వచ్చి, తెలుగు నేర్చి, తెలుగు-ఫ్రెంచి-సంస్కృత నిఘంటువు కూర్చారు. వస్త్రాలకు రంగులద్దే మన పనివారి పద్ధతులను కూడా 1742లో లేఖారూపంలో వివరించారు. ఇంజనీర్లు మెచ్చవలసిన మనిషి. సంస్కృతానికీ గ్రీకు, లాటిన్ భాషలకూ గల సాదృశ్యాన్ని చూపుతూ 1767లో ఆయన పారిస్ విద్వత్పరిషత్తుకు వ్రాసి పంపారు. అది అచ్చయినది 1808లో. ఈలోగా 1786లో కలకత్తాలో సర్ విలియం జోన్స్ అదే మాట చెప్పారు, కీర్తి ఆయనకు దక్కింది. తెలుగు ఆ కుటుంబానికి చెందినది కాదనీ, ద్రావిడ భాషలు వేరనీ 1816లో ఎల్లిస్ నిరూపించినది కూడా క్యాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణానికి చేర్చిన పీఠికలోనే.

అసలు కథ ఇక్కడి నుంచే. నిరుడు దాదా హోమరు ఛందస్సు చెప్పడం మొదలుపెట్టారు. పాదానికి ఆరు గణాలు. ఒక్కొక్క గణం ఒక గురువు, రెండు లఘువులు. లేదా రెండు గురువులు. ఐదవది దాదాపు ఎల్లప్పుడూ మొదటి రకమే. చివరిది రెండక్షరాలు. మాలో ఒకరి కుమార్తె, తొమ్మిదవ తరగతి చదువుతున్న అమ్మాయి, టీ కప్పులు తీసుకుపోతూ ఆగి, "నాన్నగారూ, మనకు ఇలాంటివి లేవా?" అని అడిగింది. ఆమె తెలుగు చక్కగా మాట్లాడుతుంది గాని, చదవడం కూడబలుక్కునే స్థాయిలోనే ఉన్నది. ఈ ఊళ్లో మన పిల్లలలో చాలామంది స్థితి అదే.

వెంటనే కాగితం తీశాము. గురువు, రెండు లఘువులు అంటే మన భగణం. రెండు గురువులు అంటే గగ. రెండూ నాలుగేసి మాత్రలే; అంటే పాదానికి ఇరవైనాలుగు మాత్రలు. మూడు భగణాలూ గగమూ కలిస్తే దోధకం. దానికి మరో రెండు భగణాలు చేరిస్తే హోమరు పాదం! ఇక గగ, భ, జ, స, నల అనే చతుర్మాత్రా గణాలు మన కందానివి. ఆ అయిదింటిలో గ్రీకులు రెండింటితోనే సరిపెట్టుకున్నారు. కందంలో ఆరవ గణానికి జగణమో నలమో కావాలనే నియమం. వారికి ఐదవ చోట కట్టడి.

సంయుక్తాక్షరానికి ముందున్న లఘువు గురువవుతుందన్న సూత్రం అక్కడా ఉన్నది. 'అద్రుచు', 'విద్రుచు' వంటి మాటలలో రేఫను తేల్చి పలికినప్పుడు ముందరి అక్షరం లఘువుగానే నిలిచినట్లు, లాటిన్‌లో కూడా 'త్ర' వంటి జంటకు ముందు సడలింపు ఉన్నది. మన యతిమైత్రి, ప్రాస మాత్రం వారికి లేవు. వారి యతి సంస్కృతంలోవలె విరామమే. ఇది విని దాదా కొంచెం అసూయపడ్డారని మా నమ్మకం.

ఆ అమ్మాయి యమాతారాజభానసలగం సూత్రం ఒక్క పూటలో పట్టేసింది. గణాలు కట్టాలంటే పద్యం చదవాలి, చదవాలంటే ఒత్తులు తెలియాలి. ఆమె వెంట మరో నలుగురు పిల్లలు వస్తున్నారు. ఇప్పుడు ఆదివారం మొదటి అరగంట కందానిది, తరువాతి గంట హోమరుది. అరగంట చాలడం లేదని పిల్లల ఫిర్యాదు.

వచ్చే మార్చిలో దాదా, లైసెన్సుపై ఉంచుకున్న క్వార్టరు ఖాళీ చేసి కుమార్తె వద్దకు వెళ్లిపోతున్నారు. తెలుగువారము ముగ్గురిలో ఇద్దరికి రెండేళ్లలో పదవీ విరమణ. ఈ ఊరి స్నేహాలన్నిటికీ ఉన్న గడువే ఇది. దాదా తన లావుపాటి గ్రీకు నిఘంటువును ఇక్కడే వదిలివెళతానన్నారు. ఎవరింట ఉంచాలన్నది ఇంకా తేలలేదు. ముందుగది కొంచెం పెద్దదిగా ఉండి, కందపద్యం గణవిభజన తెలిసినవారు టౌన్‌షిప్‌లో ఎవరున్నా మాకు కావాలి. గ్రీకు అక్షరాలు మేము నేర్పుతాము.