సర్వర్ ఆన్ చేయడం ఐదు నిమిషాలే.. మరి మీటర్ ఆగేదెప్పుడు?

డిగ్రీ పూర్తయిన పిల్లలున్న చాలా ఇళ్లలో ఈ మాట వినే ఉంటారు. ‘అబ్బా, క్లౌడ్ కోర్సులో చేరా. ప్రాక్టీస్‌కి అకౌంట్ తెరవాలి, మీ కార్డు ఒకసారి ఇవ్వండి. ఫ్రీయే, ఏమీ కట్ అవ్వదు.’ ఫ్రీ అయితే కార్డు ఎందుకన్నది తండ్రి అనుమానం. కార్డు లేకపోతే నేర్చుకునేదెలా అన్నది పిల్లల బాధ. ఇద్దరి మాటా నిజమే. అమీర్‌పేటలో ఫీజు కట్టినా, ఇంట్లో యూట్యూబ్ చూసినా, స్వయంగా నాలుగు సర్వర్లు పెట్టి తీసేస్తే తప్ప ఈ పని చేతికి రాదు. అయితే పెట్టడం నేర్పినంత శ్రద్ధగా తీసేయడం నేర్పేవాళ్లు తక్కువ. బిల్లు వచ్చేది అక్కడే.

ఈ రంగంలో పెద్దదైన అమెజాన్ వెబ్ సర్వీసెస్, అంటే ఏడబ్ల్యూఎస్‌నే ఉదాహరణగా తీసుకుందాం. 2006లో ఈసీ2 పేరుతో కంప్యూటర్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. 2017 అక్టోబర్ నుంచి లైనక్స్ సర్వర్లకు సెకన్ల లెక్క వచ్చింది, కనీసం ఒక నిమిషం మాత్రం పడుతుంది. ఇది నెల అద్దెకు ఇల్లు తీసుకున్నట్టు కాదు, మీటర్ వేసిన ఆటో ఎక్కినట్టు. మీరు దిగి చాయ్ తాగుతున్నా మీటర్ తిరుగుతూనే ఉంటుంది.

సర్వర్ పెట్టే పని చూడ్డానికి చాలా తేలిక. ముందు ఊరు ఎంచుకోవాలి, దాన్నే రీజియన్ అంటారు. ముంబై రీజియన్ 2016లో, హైదరాబాద్ రీజియన్ 2022 నవంబర్‌లో వచ్చాయి. హైదరాబాద్‌ది మొదట ఆఫ్‌లో ఉంటుంది, అకౌంట్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. మన ఊరి పేరు కనిపించలేదని కంగారు పడక్కర్లేదు. తర్వాత ఉబుంటు లాంటి ఆపరేటింగ్ సిస్టమ్, మెషీన్ సైజు, డిస్క్ సైజు ఎంచుకుంటారు. లోపలికి వెళ్లడానికి కీ ఫైల్ ఒకటి డౌన్‌లోడ్ అవుతుంది. అది ఆ ఒక్కసారే ఇస్తారు, పోతే మళ్లీ ఇవ్వరు.

చివరగా సెక్యూరిటీ గ్రూప్. సర్వర్‌కు ఇది వాచ్‌మన్ లాంటిది, ఎవరిని ఏ తలుపు నుంచి రానివ్వాలో దీనికి చెప్పాలి. వెబ్‌సైట్ చూసేవాళ్లకు 80, 443 నంబర్ల తలుపులు తెరవాలి. సర్వర్‌ను నడిపే మనిషి వచ్చే తలుపు 22. తొందరలో చాలామంది ఈ 22ను కూడా 0.0.0.0/0కు తెరిచేస్తారు. అంటే ప్రపంచంలో ఎవరైనా వచ్చి తలుపు కొట్టొచ్చు. ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న తలుపుల కోసం రాత్రింబగళ్లు వెతికే ప్రోగ్రామ్‌లు బోలెడు. ‘నా ఐపీ’ అనే ఆప్షన్ అక్కడే ఉంటుంది, దాన్ని ఎంచుకుంటే మీ ఇంటి కనెక్షన్‌కు మాత్రమే తలుపు తెరుచుకుంటుంది.

ఇక తండ్రి అనుమానం సంగతి. 2025 జూలై 15 నుంచి తెరిచిన కొత్త అకౌంట్లకు చేరగానే 100 డాలర్లు, కొన్ని పనులు పూర్తిచేస్తే మరో 100 డాలర్ల దాకా క్రెడిట్ ఇస్తున్నారు. చేరేటప్పుడు ఫ్రీ ప్లాన్, పెయిడ్ ప్లాన్ అని రెండు కనిపిస్తాయి. ఫ్రీ ప్లాన్ తీసుకుంటే ఆరు నెలలకో, క్రెడిట్ అయిపోగానేనో అకౌంట్ మూతపడుతుంది, కార్డు మీద పడదు. పెయిడ్ ప్లాన్‌లో క్రెడిట్ దాటిన ప్రతి సెంటూ బిల్లే, మన దేశంలో దాని మీద 18 శాతం జీఎస్టీ. పాత వీడియోల్లో చెప్పే ‘ఏడాదంతా ఫ్రీ’ లెక్క ఆ తేదీకి ముందు తెరిచిన అకౌంట్లది. వీడియో ఏ ఏడాదిదో చూడకుండా నమ్మితే ఇక్కడే దెబ్బ.

స్టాప్ నొక్కితే అంతా ఆగిపోయిందనుకోవడం అన్నిటికంటే మామూలు పొరపాటు. స్టాప్ చేస్తే మెషీన్ అద్దె ఆగుతుంది, డిస్క్ అద్దె ఆగదు. టెర్మినేట్ చేస్తే మెషీన్‌తో పాటు దాని మొదటి డిస్క్ మామూలుగా పోతుంది. తర్వాత విడిగా తగిలించిన డిస్కులు, స్నాప్‌షాట్‌లు, ఎలాస్టిక్ ఐపీ మాత్రం అలాగే ఉండిపోతాయి. 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4 అడ్రస్‌కూ గంటకు అర సెంటు. చిన్నగానే కనిపిస్తుంది, 30 రోజులకు 3 డాలర్ల 60 సెంట్లు. నాట్ గేట్‌వే అనేది ఇంకా పెద్దది. వర్జీనియా రీజియన్‌లో గంటకు నాలుగున్నర సెంట్లు, నెలంతా మర్చిపోతే 32 డాలర్లు, దాని గుండా వెళ్లిన డేటాకు మళ్లీ వేరు. పైగా స్క్రీన్ ఒకసారికి ఒక రీజియన్‌నే చూపిస్తుంది. ముంబైలో అన్నీ తీసేసి నిశ్చింతగా పడుకుంటే, మొదటి రోజు తెలియక వర్జీనియాలో పెట్టింది అక్కడ తిరుగుతూనే ఉంటుంది. బడ్జెట్స్ అనే చోట ఐదు డాలర్లకు అలర్ట్ పెట్టుకోవాలి. అయితే అలర్ట్ మెయిల్ పంపుతుంది అంతే, సర్వర్‌ను ఆపదు. ఆ మెయిల్ ఐడీ రోజూ చూసేదై ఉండాలి.

దీనికంటే ప్రమాదం యాక్సెస్ కీలు. ప్రాజెక్టును గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు ఈ కీలు కూడా ఫైల్‌లో ఉండిపోతే దొంగ చేతికి ఏటీఎం కార్డు, పిన్ కలిపి ఇచ్చినట్టే. మీ పేరు మీద పెద్ద పెద్ద మెషీన్లు లేపి క్రిప్టో తవ్వుకుంటారు. అకౌంట్ తెరిచిన రోజే రూట్ లాగిన్‌కు మొబైల్ ఓటీపీ లాంటి రెండో తాళం వేసి, రోజువారీ పనికి వేరే యూజర్‌ను పెట్టుకోవాలి.

ఇంతవరకు చెప్పింది చేత్తో చేసే పని. ఉద్యోగంలో అడిగేది దాన్ని ఆటోమేట్ చేయడం. ఒక సర్వర్‌ను చేత్తో పెట్టొచ్చు, ఎనిమిదిటిని పెట్టేటప్పుడు ఏడు సరిగ్గా వచ్చి ఒకటి తప్పిపోతుంది. ఇది ఊహ కాదు. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల ట్రేడింగ్ సంస్థలో అచ్చంగా ఇదే జరిగింది. కొత్త కోడ్ ఎనిమిది సర్వర్లలో వేయాలి, ఒకదాంట్లో వేయడం మర్చిపోయారు. ఇంకో మనిషి సరిచూడలేదు. ఆ ఒక్క సర్వర్ పాత కోడ్‌తో ఆర్డర్ల మీద ఆర్డర్లు పంపింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మరుసటి ఏడాదికి సంస్థ మరొకరిలో కలిసిపోయింది.

ఆటోమేషన్‌లో మొదటి మెట్టు యూజర్ డేటా. సర్వర్ మొదటిసారి లేచినప్పుడు ఏం ఇన్‌స్టాల్ చేసుకోవాలో చీటీ రాసి ఇవ్వడం. అందులో పాస్‌వర్డ్‌లు రాయకూడదు, ఆ సర్వర్‌లోకి వచ్చినవాళ్లు చదవగలరు. నడుస్తున్న సర్వర్లన్నిటినీ ఒకేలా ఉంచడానికి ఆన్సిబుల్ వాడతారు. అసలు సర్వర్లు, నెట్‌వర్క్, వాచ్‌మన్ రూల్స్ అన్నిటినీ ఫైల్‌లో రాసి పుట్టించడానికి టెర్రాఫామ్ ఉంది.

బీకాం చదివినవాళ్లకు టెర్రాఫామ్ కొత్తగా అనిపించదు, నిజానికి ఇంజనీరింగ్ పిల్లల కంటే వాళ్లకే తొందరగా అర్థం కావాలి. తాను ఏమేం పెట్టిందో అది స్టేట్ ఫైల్‌లో రాసుకుంటుంది. అదే ఖాతా పుస్తకం. ప్లాన్ అని కొడితే పుస్తకాన్ని, మీరు రాసిన కోడ్‌ను, అక్కడ నిజంగా ఉన్నదాన్ని పోల్చి ‘రెండు కొత్తగా వస్తాయి, ఒకటి పోతుంది’ అని ముందే చూపిస్తుంది. అప్లై అంటేనే పని జరుగుతుంది. మధ్యలో ఎవరైనా స్క్రీన్‌లోకి వెళ్లి చేత్తో మార్పు చేస్తే, తర్వాతి ప్లాన్‌లో ఆ తేడా బయటపడుతుంది. పుస్తకం పోతే మాత్రం పాతవి తనవేనని దానికి తెలియదు, అన్నీ రెండోసారి పెట్టబోతుంది. ఈ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లు దాచకుండా కనిపించే వీలుంది కాబట్టి గిట్‌హబ్‌లో పెట్టకూడదు. పోగొట్టుకోవద్దు, పదిమందికీ చూపించొద్దు, షాపు లెక్కల పుస్తకానికి ఉన్న రూలే.

రంజాన్‌లో హలీమ్ ఆర్డర్లు తీసుకునే సైట్ ఒకటి ఉందనుకోండి. పగలంతా ఖాళీ, అసర్ దాటాక జనం ఒక్కసారిగా మీద పడతారు. ఆటో స్కేలింగ్ పెడితే రద్దీకి తగ్గట్టు రెండు సర్వర్లు ఐదు అవుతాయి, రాత్రికి మళ్లీ రెండుకు దిగుతాయి. కనీసం ఎన్ని, గరిష్ఠం ఎన్ని అని రెండు అంకెలు ఇవ్వాలి. గరిష్ఠం దగ్గర ధారాళంగా 100 రాసి పెడితే, ఏ తుంటరి ప్రోగ్రామో సైట్‌ను గంటలకొద్దీ కొడుతుంటే మీ డబ్బుతోనే సర్వర్లు పెరుగుతాయి.

మెషీన్‌కు అప్పగిస్తే తప్పులుండవని కాదు. 2017 ఫిబ్రవరి 28న వర్జీనియాలో అమెజాన్ సొంత మనిషే ఒక కమాండ్‌లో పొరపాటు టైప్ చేశాడు. కొన్ని సర్వర్లు తీయాల్సింది చాలా ఎక్కువ పోయాయి, ఎస్3 మీద నడిచే ఎన్నో వెబ్‌సైట్లు గంటల తరబడి పడిపోయాయి. తర్వాత ఆ టూల్ ఒక్కసారిగా అన్ని సర్వర్లు తీయలేకుండా మార్చారు. ప్లాన్‌లో ‘ఇన్ని పోతాయి’ అన్న అంకెను చదవకుండా ఎస్ కొట్టే అలవాటు నేర్చుకునే రోజుల్లోనే మానుకోవాలి.

టెర్రాఫామ్‌లో తాను పెట్టినవన్నీ ఒకేసారి తీసేసే కమాండ్ డెస్ట్రాయ్. రోజూ ప్రాక్టీస్ చేసేవాళ్లు ఉదయం అప్లై, రాత్రి డెస్ట్రాయ్ కొడితే క్రెడిట్ చాలా రోజులు వస్తుంది, నిన్న రాసింది ఇవాళ మళ్లీ లేస్తుందా అన్న పరీక్ష కూడా అయిపోతుంది. చేత్తో పెట్టినవి ఆ పుస్తకంలో ఉండవు కాబట్టి డెస్ట్రాయ్ వాటిని ముట్టదు. వాటి కోసం మర్నాడు బిల్లింగ్ పేజీ తెరిచి, ఏ రీజియన్‌లో ఏ సేవకు ఎంత పడిందో చూడాలి. లెక్క అప్‌డేట్ కావడానికి కొన్ని గంటలు పడుతుంది, అందుకే మర్నాడు. కార్డు ఇచ్చిన అబ్బాను కూడా పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే ఇంకా మంచిది.